అమ్మమ్మను వియన్నాలో వదిలేసే ముందు

చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

1938లో వియన్నా వదిలి అమెరికా చేరే యూదు కుటుంబం మీద నవల మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది. గర్వంతో ఛాతీ ఉప్పొంగింది. రెండో అధ్యాయంలోనే వాళ్లు ఓడ ఎక్కేస్తారని కూడా చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. పాస్‌పోర్టు మీద యూదులని గుర్తుపట్టేందుకు వేసిన ఎర్ర 'జె' ముద్ర ఆ ఏడాది అక్టోబర్ 5 ఉత్తర్వుతో వచ్చింది, వేసవిలో వెళ్లినవాళ్ల పాస్‌పోర్టులో పెట్టకు. ఆడవాళ్ల పేరుకు సారా, మగవాళ్ల పేరుకు ఇజ్రాయెల్ తగిలించాలన్న నియమం 1939 జనవరి 1 నుంచి. వెంట తీసుకుపోనిచ్చిన నగదు మనిషికి 10 జర్మన్ మార్కులు.

ఇక అసలు సంగతి. "వీళ్లు ముందే వెళ్లిపోవాల్సింది" అని నీ నవలలో ఎవరి చేతా అనిపించకు. తరగతిలో ఏళ్ల తరబడి నేను చెప్పిన తప్పు అదే. ఎప్పుడో ముందే వెళ్లడమంటే ఎక్కడికి? పోషించుకునే దారి లేనివాళ్లకు వీసా ఇవ్వొద్దని 1930లోనే అమెరికా తన కాన్సులేట్లకు చెప్పింది. అందుకే హిట్లర్ వచ్చిన తొలి ఏళ్లలో జర్మనీ కోటా, అంటే ఏడాదికి ఆ దేశం నుంచి ఇంతమందే రావాలని అమెరికా పెట్టిన హద్దు, నిండనే లేదు. వియన్నా వాళ్లకైతే 1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను కలిపేసుకునే దాకా నాజీలు పొరుగు దేశపు మనుషులు. జూలైలో ఈ శరణార్థుల సంగతి తేల్చడానికి ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమయ్యాయి. పెద్ద సంఖ్యలో రానిస్తానన్నది డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే.

బయటికి పోనిచ్చే కాగితాలు ఒక ప్రభుత్వం చేతిలో, లోపలికి రానిచ్చే కాగితం ఇంకో ప్రభుత్వం చేతిలో. రెండూ ఒకే సమయానికి చెల్లాలి. వియన్నాలోనేమో పన్ను బాకీ లేదన్న పత్రం కావాలి. దానికి ముందు ఆస్తిలో నాలుగోవంతు 'దేశం విడిచే పన్ను'గా కట్టాలి. ఆ పన్ను హిట్లర్ పెట్టింది కాదు. డబ్బు సరిహద్దు దాటిపోకుండా 1931లో పెట్టిన చట్టాన్ని నాజీలు యూదుల మీదికి తిప్పారు. ఆ పత్రం కొద్ది కాలమే చెల్లుతుంది. అవతలేమో అమెరికాలోని బంధువు తన ఆదాయపు పన్ను లెక్కలు, బ్యాంకు నిల్వ చూపించి పూచీ అఫిడవిట్ పంపాలి. పైన పోలీసుల ప్రవర్తన పత్రం, జనన పత్రాలు, వైద్య పరీక్ష. ఇన్నీ కూడాక వచ్చే వీసా గడువు నాలుగు నెలలు. ఈలోపు ఓడలో చోటు దొరక్కపోతే గడువు తీరిన కాగితాల కోసం మళ్లీ వరుసలో నిలబడాలి.

ఆ వరుస కూడా ఇంటిల్లిపాదికీ ఒకటే కాకపోవచ్చు తల్లీ. కోటా పుట్టిన చోటును బట్టి, పౌరసత్వాన్ని బట్టి కాదు. జర్మనీ, ఆస్ట్రియాలకు కలిపి ఏడాదికి 27,370. పాత ఆస్ట్రియా సామ్రాజ్యంలో భాగమైన గలీషియాలో పుట్టి వియన్నాలో స్థిరపడ్డవాళ్లు ఎంతోమంది. గలీషియా అప్పటికి పోలండ్‌లో ఉంది, పోలండ్ కోటా 6,524 మాత్రమే. కాబట్టి మీ కథలోని ఇంటాయన ఎక్కడ పుట్టాడో మొదటి పేజీ రాయకముందే తేల్చుకో.

ఓడ ఎక్కించేశానని నిశ్చింతగా ఉండకు. 1939 మేలో 'సెయింట్ లూయీ' ఓడలో 937 మంది హాంబర్గ్ నుంచి క్యూబాకు బయల్దేరారు. చాలామంది అమెరికా కోటా వరుసలో ఉన్నవాళ్లే. తమ వంతు వచ్చేదాకా క్యూబాలో తలదాచుకుందామని దిగేందుకు అనుమతి పత్రాలు కొనుక్కున్నారు. ఓడ కదలడానికి వారం ముందే క్యూబా వాటిని రద్దు చేసింది. హవానాలో దిగనిచ్చింది 28 మందిని. మిగిలినవాళ్లు తిరిగి యూరప్‌కే.

మీ కథలో ఒక అమ్మమ్మ ఉందట, మూడో అధ్యాయం తర్వాత కనబడదట. నా గుబులంతా ఆవిడ గురించే. వైద్య పరీక్షలో నెగ్గడం కష్టం, పూచీ ఇచ్చే బంధువు కూడా పని చెయ్యగల వయసువాళ్లకే ముందు సంతకం పెడతాడు. చివరిదాకా వియన్నాలో మిగిలినవాళ్లలో ముసలివాళ్లు, అందులోనూ ఆడవాళ్లు ఎక్కువ. వలస పన్ను లెక్క తప్పుగా రాసినా దిద్దుకోవచ్చు, ఆవిణ్ణి మరిచిపోతే నేను ఊరుకోను.

1941 డిసెంబర్‌లో అమెరికా యుద్ధంలో దిగాక మామూలు ఉత్తరాలు ఆగిపోయాయి. ఇక ముఖ్యమైన దారి రెడ్‌క్రాస్ ఫారం, 25 మాటలకు మించకూడదు, కుటుంబ విషయాలు తప్ప ఇంకేమీ రాయకూడదు. ఆవిడ ఫారం నువ్వు రాయి, మాటలు లెక్కపెట్టి మరీ. ముందు అది నాకు పంపు, అధ్యాయాలు తర్వాత చూస్తాను.

మీ తాతయ్య