హెరాల్డ్ కొనబోతున్న మేనకోడలికి

చి.సౌ. సింధుకి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు 1969 నాటి ట్రయంఫ్ హెరాల్డ్ 13/60 బేరమాడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి మొత్తుకుంది. "లక్షణంగా కొత్త కారు కొనుక్కోమంటే తుప్పు డొక్కు మీద మోజు పడింది, అన్నీ నీ పోలికలే" అని నన్నూ కలిపి తిట్టింది. పైకి ఊ కొట్టాను కానీ లోపల పొంగిపోయాను. ఇంగ్లండులో కవెంట్రీలో కాపురం ఉంటూ ఆ ఊళ్ళోనే కాన్లీ ఫ్యాక్టరీలో తయారైన బండిని ఎంచుకున్నావు. మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారై మన రోడ్లన్నీ తిరిగింది కూడా ఈ బండే. అయినా సంతోషం సంతోషమే, భయం భయమే. నా భయమంతా ముందు చక్రాల దగ్గరుంది. రంగు, సీట్లు, క్రోమ్ తర్వాత చూద్దువుగాని, ముందు ఇది చదువు.

హెరాల్డ్ ముందు చక్రం నిలువుగా ఉండే ఒక ఉక్కు కడ్డీ మీద ఆధారపడి ఉంటుంది. దాన్ని వర్టికల్ లింక్ అంటారు. దాని కింది కొసన మరలుంటాయి. ఆ మరలు ట్రనియన్ అనే కంచు దిమ్మలోకి బిగుస్తాయి. నువ్వు స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఆ ఉక్కు కడ్డీ కంచు దిమ్మలో మర మీదే తిరుగుతుంది. అందుకే అక్కడ ఎప్పుడూ ఆయిల్ ఉండాలి. ఆయిల్ అంటే ఆయిలే, గ్రీజు కాదు. ఈపీ 90 గేర్ ఆయిల్, జీఎల్-4 రకం అడిగి తీసుకో.

దశాబ్దాలుగా జరుగుతున్న తప్పు ఇక్కడే. మోరిస్ మైనర్‌కి అదే చోట గ్రీజు కొట్టాలి. మన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశంది, దానికీ గ్రీజే. గ్రీజు గన్ చేతిలో ఉన్నవాడు కనబడ్డ నిపుల్‌కల్లా (గ్రీజు ఎక్కించే చిన్న మూతికల్లా) గ్రీజు కొట్టుకుంటూ పోతాడు, వరసలో హెరాల్డ్ వస్తే దానికీ అదే. చిక్కటి గ్రీజు మరల సందుల్లోకి పూర్తిగా పాకదు. ఏళ్ల తరబడి కదలక గట్టిపడిపోతుంది. పైనున్న రబ్బరు సీలు దాటి వాన నీళ్లు, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు లోపలికి దిగుతాయి, బయటికి మాత్రం రావు. కంచుకేం కాదు, ఉక్కు కడ్డీ తుప్పు పడుతుంది. అదీ సరిగ్గా మరలు ఆగిపోయేచోట, కడ్డీ సన్నబడ్డ చోట. అక్కడ వెంట్రుకవాసి పగులు పుడుతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఓ రోజు పార్కింగులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదలబోతుంటే కడ్డీ విరిగి, చక్రం మడ్‌గార్డు కిందికి మడుచుకుపోయి, బండి మూతి రోడ్డు మీద కూలబడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు దాని మీద పడే బలం ఎక్కువ కాబట్టి చాలాసార్లు నెమ్మదిగా వెళ్తున్నప్పుడే విరుగుతుంది. "నెమ్మదిగా ఉన్నప్పుడేగా మావయ్యా" అంటావేమో, మోటార్‌వే మీద విరగకూడదని దానికి శాసనమేమీ లేదు.

కాబట్టి చూడటానికి వెళ్లినప్పుడు ఇలా చెయ్యి. ముందు వైపు జాకీ ఎత్తి ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టు. జాకీని నమ్ముకుని బండి కిందికి తల పెట్టావంటే ఊరుకోను. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు. ఆట, అంటే వదులు, తగిలితే మీ ఆయన్ని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపు. ఆట పోతే అది చక్రం బేరింగుది, బిగించుకోవచ్చు. పోకపోతే ట్రనియన్‌దో పైన బాల్ జాయింటుదో. తర్వాత స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పు. గాల్లో ఉన్న చక్రం కూడా బిగుసుకుని కదులుతుంటే లోపల ఎండిపోయిందని అనుమానించు.

అమ్మేవాణ్ణి ఒక్క ప్రశ్న అడుగు: "ట్రనియన్లకి ఏం కొడుతున్నారు?" "గ్రీజు" అన్నాడంటే పైనుంచి ఆయిల్ కొట్టేస్తే సరిపోతుందనుకోకు, పాత గ్రీజు దారికి అడ్డంగానే ఉంటుంది. విప్పాల్సిందే. ముందు డిస్క్ బ్రేకుల కాలిపర్ ఊడదీసి తీగతో పైకి కట్టు, గొట్టానికి వేలాడనివ్వకు. కింది బోల్టు తీసి ట్రనియన్‌ని మర విప్పి, కిరసనాయిలుతో కడిగి, కడ్డీ మరల్ని గోరు పెట్టి తడిమి చూడు. గుంటలు తగిలినా, తుప్పు మచ్చలున్నా కడ్డీ మార్చు, బేరాలొద్దు. బిగించేటప్పుడు ట్రనియన్‌ని చివరి దాకా ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిరిగేలా ఒక చుట్టుకి మించకుండా వెనక్కి వదులు. కుడి ఎడమల మరలు ఒకదానికొకటి వ్యతిరేకం, ఒక వైపుది రెండో వైపు పెట్టబోకు. కింది బుష్ బోల్టుల ఆఖరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే బుష్‌లు మెలితిరిగి త్వరగా పోతాయి.

ఆయిల్ కొట్టడం సులువే, కాస్త మురికి పని. ట్రనియన్‌కి ఉన్న చిన్న ప్లగ్గు తీసి, అక్కడ నిపుల్ పెట్టి, గ్రీజు గన్‌లో ఆయిల్ నింపి పైన సీలు దగ్గర ఆయిల్ తొంగిచూసేదాకా కొట్టాలి. సగం నీ చేతుల మీదే కారుతుంది, కింద పాత పేపర్లు పరుచుకో. ఆ గన్‌ని దీనికే ఉంచుకుని మీద "ఆయిల్" అని రాసిపెట్టు. పుస్తకంలో 6,000 మైళ్లకోసారి అని ఉంటుంది. ఆ లెక్క రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చిన కాలంనాటిది. నువ్వు ఆదివారాలు తిప్పేదానికి 6,000 మైళ్లు నిండాలంటే ఏళ్లు పడుతుంది. మైళ్లు చూడకు, క్యాలెండర్ చూడు. చలికాలం ముందొకసారి, తర్వాత ఒకసారి కొట్టు.

ఇంజన్‌లో చూడాల్సింది ఒకటుంది. ఇంజన్ ఆపి, మీ ఆయన్ని క్లచ్ తొక్కమని, నువ్వు ముందున్న క్రాంక్ పుల్లీని చూడు. అది ముందుకి జరగడం కంటికి కనిపిస్తే థ్రస్ట్ వాషర్లు, అంటే క్రాంకు ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే బిళ్లలు, అరిగినట్టే. ఉండాల్సిన ఆట 4 నుంచి 8 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు. అరిగినవైతే సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దించి ఇంజన్ తియ్యకుండానే మార్చొచ్చు. అవి జారి సంప్‌లో పడ్డాక తిప్పితే మాత్రం క్రాంకూ బ్లాకూ రెండూ పోతాయి. అందుకే సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కిపట్టుకుని కూచోకు, న్యూట్రల్ చెయ్యి.

తుప్పు ఛాసిస్‌లో వెతుకు. పక్కలకి వచ్చిన ఔట్‌రిగ్గర్లు (బాడీని మోసే చేతుల్లాంటి కమ్మీలు), వెనక డిఫరెన్షియల్ చుట్టుపక్కల స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. పైబాడీ ఎంత మెరిసినా నమ్మకు, దాన్ని బోల్టులతో ఛాసిస్ మీద కూర్చోబెడతారంతే.

పెట్రోల్ ఈ5 (5 శాతం దాకా ఇథనాల్ ఉన్నది) కొట్టించు. ఈ10 లో ఎక్కువగా ఉండే ఇథనాల్ పాత రబ్బరు గొట్టాల్ని తినేస్తుంది. వాల్వు సీట్లని కాపాడే సీసం కలిపిన పెట్రోల్ 2000 నుంచి దొరకడం లేదు కాబట్టి హెడ్‌లో గట్టి వాల్వ్ సీట్లు వేశారో లేదో అడుగు. వెయ్యకపోతే అడిటివ్ కలపాలి. టాపెట్ గ్యాప్, అంటే వాల్వుల దగ్గర ఉంచాల్సిన సందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 10 థౌ. పెట్టినది మళ్లీ మళ్లీ తగ్గిపోతుంటే వాల్వు సీట్లోకి దిగబడుతోందని అర్థం. ఆ పని చేసేటప్పుడు బాగుంటుందిలే: బానెట్ మొత్తం మూతితో సహా ముందుకి తెరుచుకుంటుంది, టైరు మీద కూచుని హాయిగా చేసుకోవచ్చు. అప్పట్లో ఇంటి యజమానులే అలా కూచుని ఆదివారం పొద్దున ఆయిలు, నీళ్లు, ప్లగ్గులు చూసుకునేవాళ్లు. కొత్త ఇంజనైతే వెనక అద్దానికి "రన్నింగ్ ఇన్, దయచేసి దాటి వెళ్లండి" అని చీటీ అంటించి నెమ్మదిగా పోయేవాళ్లు. ఏఏ (ఆటోమొబైల్ అసోసియేషన్) గస్తీ మనిషి తమ బ్యాడ్జీ ఉన్న కారుకి సెల్యూట్ కొట్టేవాడు. కొట్టలేదంటే ముందు పోలీసులు స్పీడు పట్టుకుంటున్నారని గ్రహించుకోవాలి. ఆ మర్యాదలు 1960ల మొదట్లోనే పోయాయి, దాటి వెళ్లమనే ఓపిక కూడా పోయింది. కాబట్టి వెనకవాడు హారన్ కొట్టాడని కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కకు.

నడపడం గురించి ఒకటి గుండెల్లో పెట్టుకో. మలుపులోకి వెళ్లాక యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఠక్కున తియ్యకు. వెనకది స్వింగ్ యాక్సిల్ (చక్రాలు డిఫరెన్షియల్ దగ్గర నుంచి పైకీ కిందికీ ఊగే ఇరుసు), బరువు తేలిపోగానే చక్రం లోపలికి ముడుచుకుని తోక తిరుగుతుంది. వానలో రౌండెబౌట్ దగ్గర మరీ. వేగం మలుపు ముందే తగ్గించు. ఫస్ట్ గేరుకి సింక్రో (పళ్లు రాసుకోకుండా గేరు పడేలా చేసే ఏర్పాటు) లేదు, పూర్తిగా ఆగాకే వెయ్యి. చలిలో చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ తొక్కకుండా స్టార్ట్ చెయ్యి, వేడెక్కేకొద్దీ చోక్ లోపలికి నెట్టెయ్యి.

రోడ్డు ట్యాక్స్ ఉచితమే, అయినా ఏటా దరఖాస్తు పెట్టాలి. ఎమ్ఓటీకి (బండి క్షేమంగా ఉందో లేదో ఏటా చేసే పరీక్షకి) మినహాయింపున్నా చేయించు, ఇంకో జత కళ్లు చూస్తే మంచిదే. వెనక సీటుకి బెల్టులుండవు. చిన్నదానికి ఇంకా రెండేళ్లే, బెల్టులూ పిల్లల సీటూ బిగించేదాకా దాన్ని ఎక్కించకు. మీ అమ్మకి నేను మాటిచ్చాను.

ఆదివారం చూడటానికి వెళ్తున్నావట, పదింటికల్లా లెస్టర్ నుంచి వచ్చేస్తాను. స్టాండ్లు, ఆయిల్ గన్ నేను తెస్తాను. పాత బట్టలు వేసుకుని రా. చక్రాలు ఊపి చూసేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ మావయ్య