అమ్మకు మోకాళ్ల నొప్పులు.. క్రిస్మస్ సెలవుల్లో డిస్నీ వరల్డ్‌కు తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. మా అమ్మ నవంబరులో ఖమ్మం నుంచి వస్తున్నారు. వయసు 67. రెండు మోకాళ్లూ అరిగాయి, కుడిది మరీ ఎక్కువ. కాసేపు నడిస్తే కూర్చోవాల్సిందే. బీపీకి టెల్మిసార్టాన్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. సెలవుల్లో పిల్లలతో పాటు ఓర్లాండోలో డిస్నీ వరల్డ్ చూపించాలని ఉంది. వీల్‌ఛైర్ అంటే ‘నేనేమైనా మంచాన పడ్డానా’ అంటున్నారు. మోకాలికి ఇంజెక్షన్ వేయించుకుని వస్తే నడవగలరా?

సమాధానం: తప్పకుండా తీసుకెళ్లండి. అయితే వీల్‌ఛైర్ నొప్పి మొదలయ్యాక కాదు, పొద్దున కారు దిగినప్పటి నుంచే ఉండాలి. ‘నడిచినంత నడుద్దాం, కాకపోతే అప్పుడు చూద్దాం’ అనుకుంటారు చాలామంది. ఆ పూటకు పెద్దవాళ్లు పంటి బిగువున నడిచేస్తారు, రాత్రికి కీలు వాస్తుంది, మర్నాడు మంచం దిగలేరు. పైగా అరిగిన మోకాళ్లకు చాలాసార్లు నడక కన్నా ఒకే చోట నిలబడటమే ఎక్కువ బాధ. క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య వారం అక్కడ ఏడాది మొత్తంలో బాగా రద్దీ, రోజులో చాలా భాగం క్యూల్లోనే పోతుంది. అమ్మగారు కొన్ని నెలలు ఉంటారనుకుంటే, పిల్లల స్కూలు కుదిరితే, ఆ ఒక్క వారం వదిలేసి మరోసారి వెళ్లమనే నా సలహా.

కారు దిగినప్పటి నుంచే అని ఎందుకంటున్నానంటే, డిస్నీ వరల్డ్ పార్కుల్లో ఒకటైన మేజిక్ కింగ్‌డమ్‌లో పార్కింగుకూ గేటుకూ మధ్య సరస్సు ఉంది. మోనోరైలో ఫెర్రీయో ఎక్కి వెళ్లాలి. పార్కులో అద్దె కుర్చీలు దొరుకుతాయి గానీ ముందుగా బుక్ చేసుకునే వీల్లేదు, ముందొచ్చిన వాళ్లకే. అందుకే మడత పెట్టే తేలికపాటిది ఒకటి మీతో తీసుకెళ్లండి, లేదా హోటల్‌కే తెచ్చిచ్చే అద్దె సంస్థలున్నాయి, వాళ్లతో ముందే మాట్లాడుకోండి. బ్యాటరీ స్కూటర్ అలవాటు లేనివాళ్లకు ఆ జనంలో వద్దు, మీరే నెట్టండి.

కుర్చీ ఉంటే క్యూ లేకుండా పంపేస్తారన్న మాట నమ్మొద్దు. 2024లో నిబంధనలు మార్చాక క్యూలో ఎక్కువసేపు ఉండలేనివారికి అక్కడిచ్చే సదుపాయం, డిసెబిలిటీ యాక్సెస్ సర్వీస్, ముఖ్యంగా ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలున్నవారి కోసమే. అయితే చాలా క్యూల్లో వీల్‌ఛైర్ పడుతుంది, కూర్చునే ముందుకు సాగొచ్చు. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్, జంగిల్ క్రూజ్ రైడ్లలో కుర్చీతో సహా ఎక్కే పడవలున్నాయి. హాంటెడ్ మాన్షన్ లాంటి వాటిలో కదిలే పట్టీ మీద అడుగు వేసి ఎక్కాలి, మోకాలు తడబడితే పడిపోతారు, కాబట్టి సిబ్బందికి ముందే చెప్పి సాయం అడగండి. కుదుపులున్న రైడ్లు ఆమెకు వద్దు.

ఇక ఇంజెక్షన్. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొందరికి కొన్ని వారాలు ఉపశమనం ఉంటుంది, నిజమే. కానీ నొప్పి తగ్గుతుంది గానీ అరుగుదల తగ్గదు, నొప్పి తెలియకుండా రోజంతా నడిస్తే తర్వాత బాధపడేది ఆ కీలే. షుగర్ కూడా కొన్ని రోజులు పెరుగుతుంది. కేవలం ఈ ట్రిప్పు కోసం వేయించొద్దు. దాని బదులు ఇప్పటి నుంచే కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, ఐదు లెక్కపెట్టి దించే వ్యాయామం చేయించండి, ఒక్కో కాలికి పదేసి సార్లు, రెండు పూటలా. తొడ కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. చేతికర్ర ఎడమ చేత్తో పట్టుకోవాలి, ఎందుకంటే ఎక్కువ నొప్పి కుడి మోకాలికి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు.

ఊరి నుంచి నొప్పి బిళ్లల స్ట్రిప్పులు తెచ్చుకోవడం మన పెద్దవాళ్లకు మామూలే. డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్ లాంటివి టెల్మిసార్టాన్ వాడేవాళ్లు, అందులోనూ నీళ్లు తక్కువ తాగిన రోజున వేసుకుంటే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. లివర్ సమస్య లేకపోతే పారాసెటమాల్ 650 చాలు, రోజుకు మూడుకు మించొద్దు. బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని ఆమె నీళ్లు మానేస్తారు చూడండి, అది మాత్రం గట్టిగా పట్టించుకోండి. క్యూ మధ్యలో వెళ్లాల్సొస్తే ఏం చేయాలో రైడ్ గుమ్మం దగ్గరి సిబ్బందిని ముందే అడగండి.

చీర కొంగు, కుచ్చిళ్లు చక్రంలో పడతాయి. పిన్ను పెట్టండి, లేదా చుడీదార్ వేసుకోమనండి. లేచేటప్పుడు ముందు బ్రేకు వేసి, పాదాల కింది రేకులు పైకి మడవాలి, వాటి మీద నిలబడితే కుర్చీ ముందుకు ఒరుగుతుంది. షుగర్ ఉంది కాబట్టి కొత్త బూట్లు అక్కడే మొదటిసారి తొడగొద్దు, రాత్రి పాదాలు ఒకసారి చూడండి.

ఆమె ఒప్పుకోరన్నారు. అమెరికా విమానానికి శంషాబాద్‌లో వీల్‌ఛైర్ తీసుకునే తెలుగు అమ్మలూ నాన్నలూ ఎంతమందో. అక్కడ ఎవరికీ మొహమాటం లేదు. ‘ఇదీ ఎయిర్‌పోర్టు లాంటిదే అమ్మా’ అనండి, మనవడి చేతికి కాసేపు కుర్చీ ఇవ్వండి. ఇష్టమైనప్పుడు దిగి నాలుగడుగులు వేయొచ్చని కూడా చెప్పండి, అది నిజం కూడా.

అన్నిటికన్నా ముందు మరొకటి. ఇండియా నుంచి అంత దూరం కూర్చుని వచ్చాక కొన్ని వారాల లోపు ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే, మోకాలి నొప్పే కదా అని ఊరుకోకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి, రక్తం గడ్డ కావచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే మాత్రం వెంటనే 911.