తలకింత లెక్క తగువైనప్పుడు

చి. బాబుకు పెదనాన్న ఆశీస్సులు.

ఆఫీసులో ఆరుగురు కలిసి భోజనానికి వెళ్లడం, బిల్లంతా నువ్వే కట్టడం, తలకింత అని గ్రూపులో పెట్టగానే ఒకమ్మాయి "నేను అంత తినలేదు" అనడం, ఇంకొకాయన "ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా" అనడం, అంతా చదివాను. ముందు గ్రూపులో రాయడం ఆపు. అక్కడ నువ్వు ఏ వివరణ ఇచ్చినా మిగతావాళ్లు ఎవరో ఒకరి పక్షం చేరతారు, మాట పట్టింపు పెరుగుతుంది. "లెక్క మళ్లీ చూసి ఒక్కొక్కరికీ చెప్తాను" అని ఒక్క వాక్యం పెట్టి, ఐటమ్ వారీగా ఉన్న బిల్లు ముందు పెట్టుకుని కూర్చో. కార్డు రసీదు పనికిరాదు, అందులో మొత్తం ఒక్కటే ఉంటుంది. వివరాల బిల్లు నీ దగ్గర లేకపోతే తేదీ, సమయం, కట్టిన మొత్తం చెప్పి హోటలువాళ్లనే అడుగు, సాధారణంగా మళ్లీ తీసి ఇస్తారు.

ఆర్డరు ఇవ్వకముందు ఎలా పంచుకుందామని ఎవరూ అడగలేదు, గొడవకు మూలం అదే. నువ్వు తలకింత అనుకున్నావు. ఆ అమ్మాయి ఎవరిది వాళ్లే కడతారనుకుని తక్కువలో ముగించుకుంది. ఇద్దరి ఆలోచనలోనూ తప్పు లేదు. కాబట్టి పిసినారి, దుబారా అనే మాటలు ఎవరి నోటా రానివ్వకు. ముందు ఒప్పందం లేనప్పుడు తిన్నదాన్ని బట్టి వేసిన లెక్కే నిలుస్తుంది, దానికి ఆధారం కాగితం మీద ఉంది కనుక. అందరూ ముందే తలకింత అని ఒప్పుకుని ఉంటే మాత్రం ఆ మాట మీదే ఉండాలి.

ఇప్పుడు లెక్క. సులువైన అంకెలతో చెప్తాను, నీ బిల్లుకు నువ్వు అన్వయించుకో. ఐటమ్‌ల మొత్తం 6,000, పన్నూ సర్వీసు ఛార్జీ కలిపి చివరికి కట్టింది 6,900 అనుకో. ముందు అందరూ కలిసి తిన్నవి విడదియ్యి. అవి 2,400 అయితే తలకు 400. మిగిలిన 3,600 ఎవరి సొంత ఐటమ్‌లు వాళ్లవి: 350, 450, 500, 600, 750, 950. ప్రతి దానికీ 400 కలిపితే 750, 850, 900, 1,000, 1,150, 1,350. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. పైన పడిన 900ని ఆరుగురికీ 150 చొప్పున పంచేస్తారు. అలా పంచితే తక్కువ తిన్నవాళ్లు ఇతరుల పన్ను కూడా మోసినట్టవుతుంది. చివరి మొత్తాన్ని ఐటమ్‌ల మొత్తంతో భాగించు, 6,900 ÷ 6,000 అంటే 1.15, ఇదే గుణకం. ప్రతి ఒక్కరి అంకెనూ దానితో గుణించు. 862.50, 977.50, 1,035, 1,150, 1,322.50, 1,552.50 వస్తాయి. ఆరూ కూడితే సరిగ్గా 6,900 రావాలి. రాకపోతే ఏదో ఐటమ్ ఎవరి ఖాతాలోనూ పడలేదన్నమాట. ఎవరో ఒకరు తెప్పించిన కాఫీయో, నీళ్ల సీసానో అయి ఉంటుంది.

బిల్లు మీద తగ్గింపు ఉన్నా ఇదే పద్ధతి పనిచేస్తుంది, భాగించే చివరి అంకె చిన్నదవుతుంది, అంతే. మద్యానికి వేరే పన్ను రేటు ఉంటే మాత్రం భోజనానికి ఒకటి, దానికి ఒకటి, రెండు గుణకాలు వేసుకోవాలి. ఎవరైనా టిప్పు చేతి నుంచి ఇచ్చి ఉంటే దాన్ని చివరి మొత్తంలో కలిపి, వాళ్లు ఇప్పటికే కట్టినట్టు జమ వెయ్యి. సర్వీసు ఛార్జీ బిల్లులో ఉండగానే మళ్లీ టిప్పు వేశారా అన్నది కూడా చూడు. రెండుసార్లు పడిన ఐటమ్, రాని ఐటమ్ ఉంటే అదే రోజు బిల్లు పట్టుకెళ్లి అడగాలి. ఆలస్యమైతే వాళ్లకూ గుర్తుండదు.

మధ్యలో లేచి వెళ్లినవాళ్ల డబ్బు దగ్గరే ఎక్కువ తేడా పడుతుంది. మెనూలో రాసిన ధర చూసి 750 పెట్టి వెళ్తారు. వాళ్ల మనసులో బాకీ తీరిపోయినట్టే, నిజానికి వాళ్ల వంతు 862.50. ఆరుగురూ అలాగే మెనూ ధర ఇస్తే పైనున్న 900 మొత్తం కట్టినవాడి నెత్తిన పడుతుంది. ఇందులో మోసం ఏమీ లేదు, పన్ను మరిచిపోయారు. అలాంటివాళ్లను నిలదీయకుండా గుణకం చూపించు, మారు మాట్లాడకుండా ఇస్తారు.

లెక్క తేలాక చూడు. తలకింత అయితే 1,150. పై లెక్కలో 600 రూపాయల ఐటమ్‌లు నీవే అయితే నీ వంతు ఎటు చూసినా 1,150, నీకు లాభం లేదు, నష్టం లేదు. ఆ మాట చెప్పుకునే వీలుండటం నీకు పెద్ద బలం. అడిగిన అమ్మాయికి తగ్గేది 287.50. అత్యధికంగా తిన్నాయన మీద అదనంగా పడేది 402.50. కాబట్టి ముందు మాట్లాడాల్సింది ఆయనతో. అందరి ముందూ కాదు, మెసేజిలో కాదు, విడిగా నిలబడి: "అన్నా, నిన్న ఐటమ్ వారీగా వేస్తే నీది 1,552 వచ్చింది, బిల్లు ఇదిగో, ఒకసారి చూడు." బిల్లు కళ్లతో చూసినవాళ్లు సాధారణంగా వాదించరు. వాళ్ల వెనక పంచాయితీ పెట్టి అంకె ఒక్కటే చెప్పినప్పుడే వాదిస్తారు. ఆ తర్వాత అమ్మాయికి: "తలకింత అని నేను తొందరపడ్డాను. మీ వంతు 862.50, 860 పంపితే చాలు." అంతే. ఎందుకు తక్కువ తిన్నారని అడగకు. ఆరోగ్యమో, ఉపవాసమో, నెలాఖరు ఇబ్బందో, కారణం ఏదైనా అది వాళ్ల సొంత విషయం. అలాగే ఎవరు ఏం తిన్నారు, ఏం తాగారు అన్న పట్టీని గ్రూపులో పెట్టకు. ఎవరి అంకె వాళ్లకే పంపు.

ఆయన ఒప్పుకోకపోతే? మూడు రోజుల తర్వాత ఒకసారి గుర్తు చెయ్యి, అది చాలు. ఆ 402.50 రాకపోయినా అమ్మాయి దగ్గర 862.50 కంటే ఎక్కువ తీసుకోకు, తేడా నువ్వు భరించు. అలా భరించాక దాన్ని క్యాంటీన్లో కథగా చెప్పకు. కానీ రెండోసారి ఆయన ఉన్న బల్ల మీద బిల్లు నీ కార్డు మీద పెట్టకు.

ఇంకొక్కటి కచ్చితంగా తేల్చుకో: భోజనానికి పిలిచింది పై అధికారి అయితే ఖర్చు ఆఫీసు ఇస్తుందా అని అడుగు. ఆఫీసు నుంచి వాపసు తీసుకుంటూ తోటివాళ్ల దగ్గరా వసూలు చేస్తే అది లెక్క పొరపాటు కాదు, నిజాయితీకి సంబంధించిన విషయం, ఉద్యోగానికే ముప్పు. ఎవరినైనా సత్కరించడానికి వెళ్లారా, అప్పుడు ఆ ఒక్కరి వంతు మిగతా అయిదుగురిదీ, తలకింత అయితే 1,380 చొప్పున. కొత్తగా చేరినవాళ్లకు ఇది ముందే చెప్పాలి, వాళ్లు మొహమాటంతో నోరు విప్పరు.

తలకింత అంటే అందరూ ఎక్కువ ఆర్డరు చేస్తారనే మాట అనుమానం మాత్రమే కాదు. ఆరుగురు చొప్పున భోజనానికి కూర్చోబెట్టి ఉరి గ్నీజీ, ఇద్దరు సహ పరిశోధకులు చేసిన ప్రయోగం 2004లో ఎకనామిక్ జర్నల్‌లో వచ్చింది. ఎవరిది వాళ్లు కట్టినప్పటి కంటే సమానంగా పంచుకున్నప్పుడు మూడో వంతుకు పైగా ఎక్కువ ఖర్చయింది. అడిగితే మాత్రం ఎక్కువమంది ఎవరిది వాళ్లు కట్టడమే ఇష్టమన్నారు. అంటే పైకి అనకపోయినా నీ బల్ల దగ్గర కూడా ఆ అమ్మాయి ఒక్కతే అలా అనుకుని ఉండదు.

అందుకని వచ్చేసారి కూర్చోగానే, మెనూ తెరవకముందే అడిగెయ్యి: "ఎవరిది వాళ్లమా, తలకింతా?" విడి బిల్లులు కావాలంటే ఆర్డరు తీసుకునే మనిషికి అప్పుడే చెప్పాలి. ఆర్డరంతా ఒకే బల్ల కింద ఎక్కించాక విడదీయడం వాళ్లకు కష్టం, పెద్ద గుంపులకు కొన్నిచోట్ల అసలు చెయ్యరు. అదీ కుదరదంటే రెండు బిల్లులు అడుగు: భోజనానికి ఒకటి, మద్యానికి ఒకటి. భోజనం తలకింత, రెండోది తాగినవాళ్లే పంచుకుంటారు. సగం తగువులు ఇక్కడే పోతాయి. ఈసారి నువ్వు, మరోసారి నేను అనే వంతుల పద్ధతి ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ కలిసి ఒకేలాంటి చోట తింటేనే నడుస్తుంది. ఆరుగురికి అది పెట్టుకోకు, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు రారు.