శ్రీనూ, ఒక్క రోజులో మిల్‌ఫర్డ్ వద్దు

చిరంజీవి శ్రీనుకు,

పెదనాన్న ఆశీస్సులు. న్యూజిలాండ్ దక్షిణ దీవిలో తిరగడానికి నువ్వు పంపిన ప్లాన్ మీ అన్న ప్రింట్ తీసిచ్చాడు. రెండుసార్లు చదివాను. క్రైస్ట్‌చర్చ్‌లో విమానం దిగిన సాయంత్రమే కారెక్కి టెకపో సరస్సు చేరడం, నాలుగో రోజు క్వీన్స్‌టౌన్ నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్‌కు పోయి రాత్రికి మళ్ళీ క్వీన్స్‌టౌన్, అయిదో రోజు తిరుగు దారి. ఇది డ్యూటీ చార్ట్ రా, విహారయాత్ర కాదు. ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో ఇలాంటి చార్టులు మోసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

ఆత్మకూరు నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్‌లో ఎన్నిసార్లు బండి నడిపానో లెక్కలేదు. ఆ అడవి, ఆ లోయ ఎంత బాగుంటాయో ప్యాసింజర్లు చెప్పుకుంటుంటే వినడమే తప్ప, రిటైరయ్యేదాకా నేను చూసింది లేదు. స్టీరింగ్ పట్టినవాడికి కనబడేది తారు, మలుపు, ఎదురొచ్చే లారీ. నీ ప్లాన్‌లో డ్రైవర్‌వి నువ్వొక్కడివే. మీ అమ్మ, కోడలు, పిల్లలు సరస్సులు చూస్తారు, నువ్వు రోడ్డు మధ్య గీత చూస్తావు. అందుకని ముందు కిలోమీటర్లు పక్కన పెట్టి, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో రాసుకో. డ్రైవర్ పగటిపూట ఎంతసేపు దిగి నిలబడగలడో దాన్నిబట్టే తేలుతుంది.

మొదటి రాత్రి క్రైస్ట్‌చర్చ్‌లో మా ఇంట్లోనే. నువ్వు వచ్చే డిసెంబర్‌లో ఇక్కడి గడియారం మనకంటే ఏడున్నర గంటలు ముందుంటుంది. నీకు ఇక్కడ పొద్దున ఎనిమిదంటే ఒంటికి ఇంకా అర్ధరాత్రే. ఆ నిద్రమత్తులో స్టీరింగ్ ముట్టుకోవద్దు. మర్నాడు నెమ్మదిగా టిఫిన్ చేసి బయల్దేరితే టెకపో దాదాపు 230 కిలోమీటర్లు, మూడు గంటల దారి. ఆ నీళ్ళ రంగు ఫొటోలో ఎవరో అద్దినట్టుంటుంది కానీ నిజంగానే అది. కొండ మీది హిమానీనదం పెద్ద తిరగలి అనుకో. రాతిని పిండిలా నూరి నీళ్ళలో వదులుతుంది. ఆ పిండి అడుక్కి దిగకుండా తేలుతుంటే, దాని మీద వెలుగు పడి నీళ్ళు పాలు కలిపిన నీలంలా కనిపిస్తాయి. ఆ ప్రాంతం 2012 నుంచి చీకటి ఆకాశ రక్షిత ప్రాంతం, చుక్కలు బాగా కనబడాలని వీధి దీపాలు కూడా కిందికే వెలుగుతాయి. కాకపోతే వేసవిలో పదకొండు దాటితే గానీ సరైన చీకటి పడదు. పిల్లల్ని మధ్యాహ్నం కాసేపు పడుకోబెట్టు.

రెండో రాత్రి మౌంట్ కుక్ దగ్గర గానీ, గది దొరక్కపోతే ట్వైజెల్ ఊళ్ళో గానీ. 3,724 మీటర్ల కొండ అది, మబ్బు కమ్మితే పక్కనే ఉన్నా కనబడదు. ఓ పూట ఎక్కువుంటేనే దర్శనం. హుకర్ లోయ నడకకు మీ అమ్మ మోకాళ్ళు ఒప్పుకుంటాయా అన్నది చూసుకో. అంతదూరం పోలేకపోయినా కొంత నడిచి వెనక్కి రావచ్చు. నడకదారి తెరిచుందో లేదో బయల్దేరే ముందు కనుక్కో.

మూడో రోజు లిండిస్ కనుమ దాటి వానకా మీదుగా క్వీన్స్‌టౌన్. వానకా నుంచి క్రౌన్ రేంజ్ రోడ్డు దగ్గరి దారే, వెయ్యి మీటర్లు దాటి ఎక్కుతుంది, పైనుంచి లోయ చూస్తే బాగుంటుంది. నువ్వు అలిసిపోయి ఉంటే మాత్రం క్రామ్‌వెల్ చుట్టు దారే మేలు. క్వీన్స్‌టౌన్ గురించి నేను చెప్పేదేముంది, ఊరంతా జనం, పార్కింగ్ టెన్షన్.

ఇక అసలు సంగతి. క్వీన్స్‌టౌన్ నుంచి మిల్‌ఫర్డ్ దాదాపు 290 కిలోమీటర్లు, పోను నాలుగు గంటలు, రాను నాలుగు. బస్సులో పోతే సరే, వాళ్ళ డ్రైవర్ వాళ్ళకున్నాడు. నువ్వు దారిలో ఉన్న టె అనౌ ఊళ్ళో రెండు రాత్రులు పడుకో. అక్కడి నుంచి మిల్‌ఫర్డ్ 120 కిలోమీటర్లే. పొద్దున ఆరున్నరకల్లా బయల్దేరు. క్వీన్స్‌టౌన్ బస్సులు మధ్యాహ్నానికి చేరే లోపు నీ పడవ షికారు అయిపోతుంది. పెట్రోలు టె అనౌలోనే నింపు, ఆ తర్వాత నమ్ముకోవడానికి ఏమీ లేదు. ఊరు దాటాక కాసేపటికి ఫోన్ సిగ్నల్ కూడా పోతుంది. పడవ టికెట్, మ్యాప్ ముందే ఫోన్‌లో దాచుకో.

దారిలో హోమర్ సొరంగం వస్తుంది. 1935లో తవ్వడం మొదలుపెడితే 1954లో బండ్లు తిరిగాయి. పొడవు 1.2 కిలోమీటర్లే, కానీ మిల్‌ఫర్డ్ వైపుకి బాగా వాలు. లోపల కొండ నీళ్ళు కారుతుంటాయి. సిగ్నల్ పడేదాకా ఆగినప్పుడు కియా అనే పచ్చ చిలకలు వస్తాయి. ముద్దొస్తున్నాయని చిప్స్ పెట్టకండి. మొన్నొకటి మా కారు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పట్టుకుని, పళ్ళతో చెరుకు పీకినట్టు ముక్కుతో పీకింది. సొరంగం దాటాక మలుపుల దిగుడు. ఆటోమేటిక్ కారు కదా అని బ్రేక్ మీదే కాలు పెట్టి దిగకు. గేరు లివర్ కింది గేరుకి మార్చి ఇంజన్‌తో ఆపుకుంటూ రా. కాలిన వాసన వచ్చిందంటే పక్కకు తీసి చల్లారనివ్వు. శ్రీశైలం ఘాట్‌లో కొత్త డ్రైవర్లకు నేను మొదట చెప్పింది ఇదే.

మిల్‌ఫర్డ్‌ను సౌండ్ అంటారు గానీ అది ఫియోర్డ్. నది కోసిన లోయ కాదు, మంచు చెక్కిన లోయలోకి సముద్రం వచ్చి చేరింది. అందుకే గోడల్లాంటి కొండలు నీళ్ళలోంచి నిటారుగా లేస్తాయి. ఏడాదికి దాదాపు 6,800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, హైదరాబాద్‌కు ఎనిమిదింతలు. కాబట్టి వాన పడితే టికెట్ దండగైందని మొహం వేలాడేయకు. ఎండ రోజు రెండు పెద్ద జలపాతాలుంటాయి. వాన రోజు కొండల నిండా వందల ధారలు. నేను రెండూ చూశాను, వానే ఇష్టం. వాన కోట్లు, శాండ్‌ఫ్లైలు కుట్టకుండా పూసుకునే మందు తెచ్చుకోండి. ఆ చిన్న ఈగ కుడితే వారం దురద.

మిగిలిన రోజు మానపౌరి సరస్సు గట్టున కూర్చో, టె అనౌకి ఇరవై నిమిషాలు. కరెంటు కోసం ఆ సరస్సు మట్టం పెంచుతామంటే 1970లో 2,64,907 మంది వద్దని సంతకాలు పెట్టారు. పెంచలేదు. 1981లో శ్రీశైలం నీళ్ళు మన ఊరిమీదికి వచ్చినప్పుడు మీ తాతయ్య గుమ్మం తలుపు ఊడదీసి బండికెత్తించాడు. అక్కడ గట్టున కూర్చుంటే నాకు ఆ తలుపే గుర్తొస్తుంది. సర్లే.

డ్రైవింగ్‌కు భయపడకు, మనలాగే ఎడమవైపే. రౌండబౌట్‌లో కుడినుంచి వచ్చేవాడికి దారివ్వు. వెనక బండ్లు పోగైతే పక్కకు తీసి వదిలెయ్. ఒంటి వరస వంతెనల దగ్గర బోర్డు చూడు. నీ బాణం చిన్నగా ఎర్రగా ఉంటే నువ్వు ఆగాలి, నీలం బోర్డు మీద తెల్లగా పెద్దగా ఉంటే నీదే దారి. మొదటిసారి నాదే దారి ఉన్నా, ఎదుటివాడు లైటు కొట్టాడని నేను ఆగిపోయాను. మన దగ్గర లైటు కొట్టడమంటే "నేనొస్తున్నా, ఆగు" అని కదా. వాడి లెక్కలో "నువ్వు రా" అని. ఇద్దరం అటూ ఇటూ చాలాసేపు నిలబడ్డాం. మీ పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

చిన్నవాడికి ఏడేళ్ళు నిండలేదు కాబట్టి కారులో పిల్లల సీటు తప్పనిసరి, అద్దె బుక్ చేసేటప్పుడే అడుగు. కారును క్వీన్స్‌టౌన్‌లోనే అప్పగించి విమానమెక్కే వీలుంటే దాని లెక్క కూడా వేయించు. 480 కిలోమీటర్ల తిరుగు దారి తప్పుతుంది.

ఇంకొకటి. తెచ్చే తినుబండారం ప్రతిదీ ఇక్కడ దిగేటప్పుడు ఇచ్చే డిక్లరేషన్‌లో రాయాలి. రాసి చూపిస్తే డబ్బేమీ పోదు, దాస్తే అక్కడికక్కడే 400 డాలర్లు. మీ అమ్మ సున్నుండలు కట్టిస్తుంది, నాకు తెలుసు. వద్దని చెప్పు. ఆవకాయ ఇక్కడ మీ పెద్దమ్మ పెట్టింది, రెండు చిన్న సీసాల్లో మీకోసం తీసి పెట్టాం. కొత్త ప్లాన్ ఆదివారం లోపు పంపు, గదులు అయిపోతాయి.

మీ పెదనాన్న