బోస్టన్ లైట్‌హౌస్ చేతులు మారితే ఏమవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో, బోస్టన్‌లో చదువుకుంటోంది. మొన్న హల్ అనే ఊరి ఒడ్డు నుంచి వీడియో కాల్ చేసి, ఎదురుగా దీవి మీదున్న తెల్లటి లైట్‌హౌస్ చూపించింది. ఆ దేశంలో మొట్టమొదటి లైట్‌హౌస్ అక్కడే కట్టారట. దాన్ని ప్రభుత్వం వదిలించుకోవాలని చూస్తోందని, అలాంటివి వేలం కూడా వేస్తారని చెప్పింది. కొన్నవాళ్లు కూలగొట్టి హోటల్ కట్టుకుంటే దిక్కెవరు? అసలు జీపీఎస్ ఉన్న రోజుల్లో దాని మీద ఖర్చు పెట్టడం అవసరమా?
– ఒక పాఠకురాలు

జవాబు: కూలగొడతారన్న టెన్షన్ మీకక్కర్లేదమ్మా. నా భయం వేరే. పాత రాతి కట్టడాల మరమ్మతుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. నేను చూసినంతలో పడగొట్టడం వల్ల పోయినవాటి కంటే, తాళం వేసి వదిలేయడం వల్ల పోయినవే ఎక్కువ.

ముందు చట్టం సంగతి. చారిత్రక లైట్‌హౌస్‌ల కోసమే అమెరికా 2000లో ఒక చట్టం చేసింది. కోస్ట్ గార్డ్ తనకిక అక్కర్లేదనుకున్న లైట్‌హౌస్‌ను మొదట ప్రభుత్వ శాఖలకు, స్థానిక సంస్థలకు, లాభాపేక్ష లేని సంఘాలకు ఉచితంగా ఇస్తామంటారు. అడిగినవాళ్ల స్తోమతను, వాళ్ల ప్లాన్‌ను నేషనల్ పార్క్ సర్వీస్ అనే ప్రభుత్వ శాఖ పరిశీలిస్తుంది. తగినవాళ్లెవరూ ముందుకు రాకపోతేనే వేలం. దీపం బాధ్యత అప్పుడు కూడా కోస్ట్ గార్డ్‌దే, దాన్ని చూసుకోవడానికి వచ్చిపోయే హక్కూ వాళ్లకుంటుంది. బోస్టన్ లైట్‌కు 1964 నుంచి జాతీయ చారిత్రక కట్టడమన్న గుర్తింపు ఉంది. ఆ గుర్తింపే కాపాడేస్తుందని చాలామంది అనుకుంటారు. ప్రైవేటు యజమాని చేతులు కట్టేది అది కాదు, దస్తావేజులో రాసే షరతులు. అవి గట్టిగా రాయించుకోవాలి.

మీ అమ్మాయి చెప్పింది నిజమే. ఆ లిటిల్ బ్రూస్టర్ దీవిలో 1716లోనే దీపం వెలిగింది. అయితే ఇప్పుడు కనిపించే టవర్ అప్పటిది కాదు. 1776లో బ్రిటిష్ సేనలు వెళ్లిపోతూ పాతదాన్ని పేల్చేశాయి. ఇప్పుడున్నది 1783లో కట్టింది. అడుగున గోడ మందం ఏడున్నర అడుగులు, పైకి వెళ్లేకొద్దీ తగ్గి రెండున్నర అడుగులవుతుంది. 1859లో ఎత్తు పెంచి 89 అడుగులు చేశారు, లోపల ఇటుక వరస కట్టారు, దీపం వెలుగును పోగుచేసి దూరానికి పంపే పెద్ద ఫ్రెనెల్ లెన్స్ పెట్టారు. చాలాచోట్ల అలాంటి లెన్సులు మ్యూజియాలకు చేరిపోయాయి. ఇక్కడ అది ఇంకా పెట్టినచోటే పనిచేస్తోంది. ఎవరి చేతికి వెళ్లినా ఆ లెన్స్‌ను అక్కడి నుంచి కదపకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక నా భయం గురించి. దీపం చూసుకునే కీపర్లు కాపురమున్నప్పుడు కిటికీలు తెరిచేవాళ్లు, గాలి ఆడేది. లైట్‌హౌస్‌లు ఆటోమేటిక్ అయ్యాక అన్నీ బిగించేసి వెళ్లిపోవడం మామూలైంది. లోపలి తేమకు దారి ఉండదు. చల్లటి గోడకు చెమట పట్టినట్టు నీటి బొట్లు నిలుస్తాయి, పెయింట్ పెచ్చులుగా లేస్తుంది. రాతిలో దిగగొట్టిన ఇనుప ముక్క తుప్పుపట్టి ఉబ్బి, పక్క రాయినే చీలుస్తుంది. చలిదేశంలో పగుళ్లలో నీరు గడ్డకట్టడం మరో దెబ్బ. అప్పుడు ఎవరో వచ్చి సిమెంటుతో పూసేస్తారు. పాత సున్నపు కట్టుబడికి అది పనికిరాదు. సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే పట్టి ఉంచుతుంది. రెండు చలికాలాలు పోతే ఆ పూతతో పాటు రాతి పైపొర కూడా ఊడి చేతికొస్తుంది. మనిషి ఉంటే చిన్న బీటగా ఉన్నప్పుడే కనిపెడతాడు.

ఈ దీవిలో మనిషి ఉండేలా అమెరికా చట్టసభ, అంటే కాంగ్రెస్, చూసింది. ఇక్కడ ఎప్పుడూ మనుషులుండాలని 1989లో చట్టమే చేశారు. 1998లో దీపం ఆటోమేటిక్ అయ్యాక కూడా ఆ ఏర్పాటు సాగింది. 2003లో సాలీ స్నోమన్ అనే ఆవిడ కీపర్‌గా వచ్చారు. పద్దెనిమిదో శతాబ్దపు దుస్తుల్లో సందర్శకులకు ఆ చోటు చరిత్ర చెప్పేవారు. 2018లో దీవిలోని భవనాలు భద్రతా తనిఖీలో నెగ్గకపోవడంతో రాత్రి బస ఆగింది. 2023 చివర్లో ఆవిడ రిటైరయ్యారు. ఆ కీపర్ల వరస ఆవిడతోనే ముగిసింది.

కాబట్టి కొత్తగా ఎవరు తీసుకున్నా వాళ్లను నేను మొదట అడిగేది టవర్ గురించి కాదు, పడవ గురించి. దీవికి రోజూ చేరగలరా? రేవు ఎవరు బాగుచేయిస్తారు? సున్నం, ఇసుక, పరంజా కర్రలు, పనివాళ్లు అన్నీ పడవలోనే రావాలి. అల ఎక్కువైతే పని ఆగుతుంది, కూలి మాత్రం ఆగదు. అక్కడ దిగడం ఎప్పుడూ తేలిక కాదు. మొదటి కీపర్ జార్జ్ వర్తిలేక్ 1718లో భార్య, కూతురుతో దీవికి తిరిగొస్తూ, చిన్న పడవ బోల్తాపడి నీళ్లపాలయ్యాడు. మరమ్మతు ఎస్టిమేట్లలో అందరూ తక్కువ వేసేది ఈ రవాణా పద్దే.

జీపీఎస్ మాట. పెద్ద ఓడలకు ఈ దీపంతో ఇప్పుడు అంత అవసరం లేదు, ఒప్పుకుంటాను. కానీ చిన్న పడవలో ఉన్నవాడికి స్క్రీన్ ఆరిపోతే పది సెకన్లకోసారి మెరిసే ఆ వెలుగే దిక్కు చెబుతుంది. అదొక్కటే అయితే ఇనుప స్తంభానికి ఎల్‌ఈడీ దీపం తగిలించినా సరిపోతుంది. రెండు వందల నలభై ఏళ్లుగా ఉప్పుగాలిని తట్టుకున్న రాతిపని, దాని మీద 1859 నాటి గాజుపని ఒక్కచోట, ఇంకా పనిలో ఉండగా దొరకడం అరుదు. దానికి ఖర్చు పెట్టడం దండగ కాదమ్మా.

మీ అమ్మాయిని ఈసారి బైనాక్యులర్స్ తీసుకెళ్లమనండి. టవర్ చుట్టూ లోహపు పట్టీలు కనిపిస్తాయి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో గోడ బీటలిస్తే ఇనుప పట్టీలు బిగించారు, తర్వాత వాటి చోట అల్యూమినియంవి వేశారు.