‘పీడీ గారుంటేనా’ అనే మాటకు జవాబు

ప్రశ్న: గుంటూరులోని ఒక డిగ్రీ కళాశాల బాస్కెట్‌బాల్ జట్టుకు ఆరేళ్లుగా సహాయ శిక్షకుడిగా పనిచేశాను. ఇరవై ఏళ్లకు పైగా జట్టును నడిపి, అంతర్ కళాశాలల పోటీల్లో దాదాపు ఏటా షీల్డు తెచ్చిన మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు మొన్న జూన్‌లో పదవీ విరమణ చేయగా, ఆ బాధ్యత నాకు అప్పగించారు. ఆయన ఇప్పటికీ సాయంత్రం ప్రాక్టీసు వేళకు వచ్చి కోర్టు పక్క వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుంటారు. ఒక్క మాటా అనరు. అయినా ఫ్రీ త్రో తప్పిన కుర్రవాడు నా వంక కాక ఆ కుర్చీ వంక చూస్తాడు. తొలి టోర్నమెంటులో సెమీఫైనల్‌లో ఓడిపోయాము. ‘పీడీ గారుంటేనా’ అని పూర్వ విద్యార్థులు అంటున్నారు. ఆయన పద్ధతినే కొనసాగించాలా, నా పద్ధతి మొదలుపెట్టాలా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు పద్ధతి గురించి అడిగారు గాని, మీ అసలు చిక్కు మిమ్మల్ని కొలిచే కొలత దగ్గర ఉంది. అమెరికాలో యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) బాస్కెట్‌బాల్ జట్టుకు శిక్షకుడు జాన్ వుడెన్ 1964 నుంచి 1975 వరకు, 12 ఏళ్లలో 10 జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టి తప్పుకున్నాడు. ఆయన స్థానంలో వచ్చిన జీన్ బార్టో మొదటి ఏడే జట్టును జాతీయ సెమీఫైనల్ దాకా తీసుకువెళ్లాడు. రెండు సీజన్లలో 50కి పైగా మ్యాచ్‌లు గెలిచాడు, ఓటములు పదికి మించలేదు. మరే కళాశాలలోనైనా అతన్ని పల్లకీలో ఊరేగించి ఉండేవారు. అక్కడ మాత్రం విమర్శలు ఆగలేదు. 1977లో అతను ఆ పదవి వదిలి, అమెరికాలోనే అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో అసలు జట్టే లేని చోట కొత్త జట్టును కట్టడానికి వెళ్లిపోయాడు. యూసీఎల్‌ఏకు మళ్లీ టైటిల్ దక్కింది 1995లో. పైగా, పూర్వ విద్యార్థులు మరచిపోయే విషయం ఒకటుంది: 1948లో చేరిన వుడెన్‌కు మొదటి టైటిల్ రావడానికే 16 సీజన్లు పట్టాయి!

కాబట్టి మీరు ముందుగా చేయవలసింది ప్రిన్సిపాల్ గారి గదిలోని పని. ఈ ఏడాది జట్టు నుంచి ఏమి ఆశిస్తున్నారో, సీనియర్లు ఎందరు వెళ్లిపోయారో, ఎన్నేళ్ల గడువు ఇస్తారో మాట్లాడి, కాగితం మీద రాయించుకోండి. సీజను మొదలయ్యాక ఓడిన మర్నాడు ఆ మాట ఎత్తితే అది సాకులా వినిపిస్తుంది.

ఇక పద్ధతి సంగతి. నార్త్ కరొలినా విశ్వవిద్యాలయంలో 879 విజయాల శిక్షకుడు డీన్ స్మిత్ 1997లో తప్పుకున్నప్పుడు, 30 ఏళ్లు ఆయన పక్కనే ఉన్న సహాయకుడు బిల్ గత్రిడ్జ్ బాధ్యత తీసుకుని, మూడేళ్లలో రెండుసార్లు జట్టును జాతీయ సెమీఫైనల్‌కు చేర్చాడు. జట్టుకు అలవాటైన ఆటను కదపకపోవడం అతనికి కలిసివచ్చిందని నా అభిప్రాయం. మీరూ ఆరేళ్లు లోపలే ఉన్నవారు గనుక ప్రాక్టీసు వేళలు, డ్రిల్లులు, వరుస క్రమం ఒక ఏడాది అలాగే ఉంచండి. వుడెన్ ప్రతి ఏడూ మొదటి రోజున ఆటగాళ్లకు మేజోళ్లు ముడత పడకుండా తొడుక్కోవడం నేర్పేవాడు. ముడత పడితే కాలికి బొబ్బలెక్కుతాయని. అటువంటి అలవాటును ఎవరైనా కొనసాగించవచ్చు. పీడీ గారి గదమాయింపును, ఆయన హాస్యాన్ని మాత్రం అనుకరించకండి. పిల్లలు ఇట్టే పట్టేస్తారు, వెనుక నవ్వుకుంటారు.

ఆ కుర్చీని తీయించవద్దు. అది మీకే అపకీర్తి. మీరే పీడీ గారి ఇంటికి వెళ్లి, ‘మాస్టారూ, శనివారాలు వచ్చి పోస్టు ఆటగాళ్లను (బుట్ట దగ్గర ఆడేవాళ్లను) మీరే చూడాలి, మిగిలిన రోజులు నన్ను తంటాలు పడనివ్వండి’ అని అడగండి. అంతకాలం జట్టును నడిపిన మనిషికి ఆ మాటలోని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. ఆలోగా ఫ్రీ త్రో తప్పిన కుర్రవాడు చెట్టు వంక చూస్తే మందలించకండి. బంతి అతని చేతికిచ్చి, మరో పది వేయించండి.