సముద్రపు దొంగల కథలు పిల్లలకు తగునా?

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. సముద్రపు దొంగల కథలంటే ప్రాణం పెడతాడు. అవి చదివితే దోపిడీ గొప్ప పని అనుకుంటాడేమోనని మా అత్తగారి భయం. ఏం చదివించమంటారు?
– ఒక పాఠకురాలు, మైలాపూర్, చెన్నై

జవాబు: నిరభ్యంతరంగా చదివించండి. 1883లో పుస్తకంగా వెలువడిన స్టీవెన్సన్ నవల ‘ట్రెజర్ ఐలండ్’తో మొదలుపెట్టవచ్చు. ఆపిల్ పండు కోసం పీపాలోకి దిగిన జిమ్ అనే కుర్రవాడు, తాను అంతగా అభిమానించిన ఓడ వంటవాడు సిల్వరే తిరుగుబాటుకు పన్నాగం పన్నుతున్నాడని ఆ చీకట్లో నక్కి వింటాడు. తీయగా మాట్లాడేవాళ్లందరూ మంచివాళ్లు కారని పిల్లలకు ఎవరూ చెప్పకుండానే అక్కడ తెలిసిపోతుంది. భాష పాతది కాబట్టి తొలి అధ్యాయాలు మీరే చదివి వినిపించండి.

మీ అత్తగారి భయం అర్థం లేనిది కాదు. అందుకే కథతోపాటు చరిత్ర కూడా చెప్పాలి. 1695లో హెన్రీ ఎవరీ అనే ఇంగ్లిష్ సముద్రపు దొంగ ముఠా, మక్కా యాత్రికులతో సూరత్‌కు తిరిగివస్తున్న మొగలుల ఓడ గంజ్-ఇ-సవాయ్‌ని దోచుకుని, ప్రయాణికులను దారుణంగా హింసించింది. ఆ ఓడలో మనవాళ్లున్నారని తెలిసిన పిల్లవాడు దొంగల వైపు నుంచే కథ చూడడు. అదే సమయంలో, చాలా దొంగ ఓడల్లో నాయకుణ్ణి ఓట్లతో ఎన్నుకునేవారనీ, పోరులో కాలో చెయ్యో పోయినవాడికి ఉమ్మడి సొమ్ములోంచి పరిహారం ఇచ్చేవారనీ చెప్పండి. నిధిని పాతిపెట్టడం మాత్రం చాలావరకు కల్పనే. దోచినది వెంటనే పంచుకునేవారు.

కొట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో పిల్లల విభాగం ఉంది. అక్కడికి తీసుకువెళ్లి, పుస్తకాన్ని అతణ్ణే ఎంచుకోనివ్వండి.